కుక్కకంటే ముందు రెండో తాళంచెవి: ఒంటరిగా ఉండేవారు చిన్న కుక్కను తెచ్చుకోవడం ఎలా?

కుక్కను తెచ్చుకోవాలని ఉందని చెప్పగానే ఎవరైనా అడిగే మాట ‘ఏ జాతి?’ అని. నేనైతే వేరే మాట అడుగుతాను. మీ ఇంటి రెండో తాళంచెవి ఎవరి దగ్గర ఉంది? ‘ఇంకెవరి దగ్గర ఉంటుంది, నా బీరువాలోనే’ అంటారా, అయితే కుక్క సంగతి తరువాత చూద్దాం. ముందు ఆ తాళంచెవికి ఒక మనిషిని వెతకండి.

నలుగురున్న ఇంట్లో ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరు కుక్కను బయట తిప్పుకొస్తారు. ఒకరు మరిచిపోతే ఇంకొకరు గిన్నెలో నీళ్లు పోస్తారు. ఒక్కరే ఉండేవారికి ఆ ఇంకొకరు లేరు. కుక్కల పెంపకం గురించి దొరికే సలహాల్లో చాలావరకు ఆ ఇంకొకరు ఇంట్లో ఉన్నారనే లెక్కతో రాసినవే. అందుకే ఇది విడిగా రాస్తున్నాను.

నేను హైదరాబాద్‌లో రెండు గదుల ఫ్లాటులో ఒక్కదాన్నే ఉంటాను. ఐదేళ్లుగా నాతో ఉన్నది ఎనిమిది కిలోల తెల్ల కుక్క. తోక వీపు మీదికి చుట్టుకుని ఉంటుంది కాబట్టి జంతిక అని పేరు పెట్టాను. దాన్ని తెచ్చుకున్నప్పుడు నేను చేసిన తప్పులు కూడా కింద ఉన్నాయి.

ఒకటి: తాళంచెవి తీసుకునే మనిషి

జంతిక వచ్చిన నాలుగో నెలలో నాకు డెంగీ వచ్చింది. రక్తపరీక్ష చూసి డాక్టరు ‘ఇప్పుడే చేరండి’ అన్నారు. తాళంచెవి నా సంచిలో ఉంది, కుక్క ఇంట్లో ఉంది, టైము సాయంత్రం ఆరు. ఆఫీసులో పనిచేసే కుర్రవాడిని పిలిచి తాళంచెవి ఇచ్చి ఆటోలో పంపాను. అతనికి కుక్కలంటే భయమన్న సంగతి నాకు తెలియదు. తలుపు తీశాడట, మంచం కింద నుంచి అది గుర్రుమందట, బిస్కెట్ పొట్లం చింపి గదిలోకి విసిరేసి తలుపు వేసి వచ్చేశాడట. ‘తిన్నదండీ, బాగానే ఉంది’ అని ఫోను చేశాడు. ఆ రాత్రంతా దానికి నీళ్లున్నాయో లేవోనని సెలైన్ సీసా వంక చూస్తూ పడుకున్నాను.

కాబట్టి ఆ మనిషిని ముందే చూసుకోండి. మీ భవనంలోనో, నడిచి వచ్చేంత దూరంలోనో ఉండాలి. కుక్కలంటే ప్రేమ ఉండనక్కర్లేదు, భయం లేకపోతే చాలు. పదవీ విరమణ చేసినవారు, ఇంటి నుంచి పనిచేసేవారు, పక్క ఫ్లాటులో డిగ్రీ చదివే పిల్లలు, ఎవరైనా సరే. మీరు ఉప్పల్‌లో ఉంటే కూకట్‌పల్లిలో ఉన్న ప్రాణస్నేహితురాలు ఈ పనికి లెక్కలోకి రాదు.

నాకు దొరికినవారు రెండో అంతస్తులో ఉండే లెక్కల మాస్టారు. అడగడానికి వారం రోజులు తటపటాయించాను. ఆయన రెండే ప్రశ్నలు వేశారు.

‘కరుస్తుందా అమ్మా?’

‘కరవదండీ.’

‘మంచం ఎక్కుతుందా?’

‘ఎక్కుతుందండీ.’

‘మా ఇంట్లో ఎక్కనివ్వను, ముందే చెబుతున్నాను’ అన్నారు. ఇప్పుడు ఆయన మంచం మీద కాళ్ల వైపు జంతిక కోసం ఒక పాత దుప్పటి పరిచి ఉంటుంది. దాని గురించి మేమిద్దరం మాట్లాడుకోం.

ఇలాంటి సాయం ఉచితంగా అడగకండి. మొహమాటం మీద నడిచే ఏర్పాటు మూడు నెలలు కూడా నిలవదు. డబ్బు ఇస్తే బాగుండదనుకుంటే మరో రూపంలో తీర్చండి. మాస్టారి కరెంటు బిల్లు, గ్యాసు బుకింగు, నెలకోసారి బీపీ మందులు నేను చూసుకుంటాను. ఇంకొక చిన్న విషయం: తాళంచెవి ఇచ్చిన రోజే వారి చేత తలుపు తీయించి చూడండి. మా తలుపు పిడి కాస్త పైకెత్తి తిప్పితేగాని తెరుచుకోదు. అది నా చేతికి అలవాటైపోయి చెప్పడం మరిచాను. పాపం మాస్టారు పావుగంట కుస్తీ పట్టారు, లోపల ఇది ఒకటే మొరుగుడు.

రెండు: ఇంటి యజమాని, అసోసియేషన్

అద్దె ఇల్లయితే నోటిమాట సరిపోదు. అద్దె ఒప్పందంలో ఒక చిన్న పెంపుడు కుక్కకు అనుమతి ఉన్నట్టు ఒక్క వాక్యం రాయించుకోండి. నలుగురున్న కుటుంబమైతే ఇల్లు మారే నెలలో కుక్కను ఎవరో ఒకరు చూసుకుంటారు. మీరు కుక్కతోపాటు ఇళ్లు వెతుక్కుంటూ తిరగాలి, అది ఎంత కష్టమో తిరిగినవారికే తెలుసు.

అసోసియేషన్ సంగతి వేరు. కుక్కలను పెంచకూడదని తీర్మానం చేసే అధికారం అపార్టుమెంటు సంఘాలకు లేదని భారత జంతు సంక్షేమ మండలి 2015లో మార్గదర్శకాలు ఇచ్చింది. లిఫ్టు ఎక్కించవద్దనడం కూడా కుదరదు. అయితే ఆ కాగితం పట్టుకుని మొదటి రోజే పోట్లాటకు దిగకండి. లిఫ్టులో ఎవరైనా ఉంటే తరువాతి సారి ఎక్కండి. బయటికి తీసుకెళ్లేటప్పుడు పాత దినపత్రిక, ఒక సంచి వెంట ఉంచుకుని, అది చేసింది మీరే ఎత్తండి. వాచ్‌మన్ కుటుంబానికి దాన్ని పేరుతో పరిచయం చేయండి. రేపు అది తప్పించుకుని గేటు దాటబోతే పేరు పెట్టి పిలిచేది వాళ్లే.

జీహెచ్‌ఎంసీ పరిధిలో పెంపుడు కుక్కకు లైసెన్సు తీసుకోవాలి. రేబిస్ టీకా వేయించిన పత్రం దగ్గర ఉంచుకోండి. మిగతా ఊళ్లవారు తమ మున్సిపల్ కార్యాలయంలో కనుక్కోవాలి.

మూడు: పిల్ల వద్దు, పెద్దది తెచ్చుకోండి

ఇక్కడ చాలామంది నాతో పోట్లాటకు వస్తారు. చేతిలో ఇమిడిపోయే పిల్లను తెచ్చుకుని పెంచితేనే మనదవుతుందని వారి నమ్మకం. ఉద్యోగం చేస్తూ ఒంటరిగా ఉండేవారికి ఆ నమ్మకం పనికిరాదు. ఎందుకో లెక్క చూడండి.

కుక్కపిల్ల మూత్రం ఎంతసేపు ఆపుకోగలదో తెలుసుకోవడానికి ఒక మోటు లెక్క ఉంది: వయసు ఎన్ని నెలలో దానికి ఒకటి కలపండి, అన్ని గంటలు. అంటే రెండు నెలల పిల్ల మహా అయితే మూడు గంటలు. మీరు ఉదయం తొమ్మిదికి వెళ్లి సాయంత్రం ఆరున్నరకు వస్తే ఆ మధ్యలో అది మూడుసార్లు గదిలోనే పోస్తుంది, అందులో తొక్కుతుంది, ఆ తడికాళ్లతో మీ పరుపు ఎక్కుతుంది. రోజుకు మూడు నాలుగుసార్లు తిండి పెట్టాలి. టీకాలు పూర్తయ్యేదాకా, అంటే దాదాపు నాలుగో నెల నిండేదాకా, వీధిలో నేల మీద తిప్పకూడదు. పార్వో అనే వైరస్ మట్టిలో నెలల తరబడి బతికి ఉంటుంది, టీకా పడని పిల్లలకు అది ప్రాణాంతకం. రక్తవిరేచనాలతో రెండు మూడు రోజుల్లోనే చేయి దాటిపోవచ్చు. ఇదంతా ఒక్కరు, ఉద్యోగం మానకుండా ఎలా చేస్తారు?

రెండేళ్లు దాటిన కుక్కతో ఈ గొడవ చాలావరకు ఉండదు. ఎంత పెరుగుతుందో, ఎంత మొరుగుతుందో, పిల్లలను చూస్తే ఏం చేస్తుందో అప్పటికే తేలిపోయి ఉంటుంది. ఆరేడు గంటలు ఆపుకోగలదు. అలాగని రోజూ అంతసేపు ఆపించడం మంచిది కాదు, మధ్యాహ్నం మాస్టారు ఒకసారి కిందికి దించడం అందుకే. ‘పెద్దది కొత్తవారికి అలవాటు పడదు’ అంటారు. జంతిక నా దగ్గరికి వచ్చేసరికి దానికి మూడేళ్లు. దాన్ని పెంచినవారు విదేశం వెళుతూ వదిలేశారు. కుక్కలను దత్తత ఇప్పించేవారు మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అని ఒక లెక్క చెబుతారు. మొదటి మూడు రోజులు భయంతో ముడుచుకుంటుంది, మూడు వారాల్లో మీ వేళలు నేర్చుకుంటుంది, మూడు నెలలకు ఇల్లు తనదనుకుంటుంది. మాది మొదటి మూడు రోజులూ మంచం కిందే ఉంది. నాలుగో రోజు నేను కూరగాయలు తరుగుతుంటే వచ్చి, నా చెప్పు మీద గడ్డం ఆనించి పడుకుంది. కాలు మొద్దుబారినా పావుగంటసేపు కదల్లేదు నేను.

నాలుగు: ఏది, ఎక్కడ నుంచి

మన ఊళ్లలో పమేరియన్ అని పిలిచే తెల్ల కుక్కల్లో చాలావరకు అసలు పమేరియన్లు కావు, ఇండియన్ స్పిట్జ్‌లు. తరాలుగా ఇక్కడి వాతావరణంలో ఉన్న రకం, చిన్న ఇంట్లో సర్దుకుంటుంది. ఒకటే లోపం, లిఫ్టు తలుపు చప్పుడుకు కూడా మొరుగుతుంది. మొరగడం మీ పక్కింటివారికి పడకపోతే ఇంకొకటి చూసుకోండి.

పగ్ ముఖం ముద్దొస్తుంది, కాదనను. కానీ ముక్కు నొక్కుకుపోయిన జాతులకు ఊపిరి తీసుకోవడమే కష్టం, ఎండాకాలంలో మరీను. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో కరెంటు పోయి ఇంట్లో మీరు లేకపోతే పగ్ గతి ఏమిటో ఆలోచించండి. షిట్జూకు రోజూ దువ్వాలి. డాష్‌హండ్‌ను మెట్ల మీద, మంచాల మీద నుంచి దూకనివ్వకూడదు, వెన్నుపూస దెబ్బతింటుంది. బీగిల్ చిన్నదే గాని ఒంటరిగా వదిలితే ఊరంతా వినబడేలా అరుస్తుంది. ఊరకుక్కల్లోనూ పన్నెండు, పదమూడు కిలోలకు మించని ఆడకుక్కలు ఉంటాయి. పొట్టి వెంట్రుకలు, గట్టి ఒళ్లు, ఖర్చు తక్కువ. నాకు రెండో కుక్క అంటూ వస్తే అదే.

పెద్ద వయసు చిన్న కుక్కలు దొరకడం కష్టమేమీ కాదు. జనం ముచ్చటపడి కొని, ఏడాది తిరక్కుండా వదిలేస్తుంటారు. హైదరాబాద్‌లో 1992లో అక్కినేని అమల ప్రారంభించిన బ్లూ క్రాస్ అనే జంతు సంరక్షణ సంస్థ ఉంది, విశాఖలో అలాంటిదే వీఎస్‌పీసీఏ ఉంది. మీ ఊరి పశువుల ఆసుపత్రిలో కూడా ఒక మాట చెప్పి ఉంచండి, ఎవరు ఏ కుక్కను వదిలించుకోవాలనుకుంటున్నారో మొదట తెలిసేది అక్కడే.

ఇంత చెప్పినా పిల్లనే కొంటానంటే, 2017లో వచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నియమాలు గుర్తుంచుకోండి. పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదై ఉండాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. నెల పిల్లను అట్టపెట్టెలో పెట్టి దారిలో ఏదో ఒక కూడలి దగ్గర చేతికిస్తామనేవారి దగ్గర కొనకండి. తల్లిని చూపించమనండి. చూపించకపోతే వచ్చేయండి.

పెద్ద కుక్కను చూడటానికి ఒక్కసారి వెళ్లి సరిపెట్టకండి, వేర్వేరు వేళల్లో రెండు మూడుసార్లు వెళ్లండి. వెళ్లగానే మీద పడకుండా నేల మీద పక్కకు తిరిగి కూర్చోండి, అదే వచ్చి వాసన చూస్తుంది. పాత యజమానిని అడగవలసిన ప్రశ్నల్లో అన్నిటికంటే ముఖ్యమైనది ఇది: ‘దీన్ని ఒక్కదాన్నే వదిలి వెళితే ఏం చేస్తుంది?’ ‘అయ్యో, ఎప్పుడూ వదల్లేదండీ, ఇంట్లో ఎవరో ఒకరు ఉంటారు’ అని మురిపెంగా చెబితే మీకది మంచి కబురు కాదు. ఒంటరిగా ఉండటం దానికి తెలియదన్నమాట.

ఐదు: ఇంట్లో సర్దవలసినవి

కొనవలసినవి కొన్నే. మెడకు పేరు, ఫోను నంబరు ఉన్న బిళ్లతో ఒక సన్నని బెల్టు. దాని కింద రెండు వేళ్లు దూరాలి. నడిపించడానికి మాత్రం ఛాతీ చుట్టూ వేసే హార్నెస్ వాడండి. చిన్న కుక్కల గాలిగొట్టం సున్నితం, మెడకు గొలుసు కట్టి లాగితే దగ్గు పట్టుకుంటుంది. రెండు స్టీలు గిన్నెలు. ఒక పాత చీర లేదా లుంగీ మడిచి పరిచిన మూల. అంగడిలో అమ్మే మెత్తటి గుండ్రటి పరుపు ఒకటి వెయ్యి రూపాయలు పెట్టి కొన్నాను, జంతిక దాన్ని మధ్యకు చింపి పక్కనున్న గోనెపట్టా మీద పడుకుంది.

బాల్కనీ కడ్డీల మధ్య సందు చూడండి. పెద్ద కుక్క తల పట్టని చోట చిన్న కుక్క మొత్తం దూరిపోతుంది. పావురాలు రాకుండా కట్టే వల ఉంటుంది కదా, అది కింది నుంచి బిగుతుగా కట్టిస్తే చాలు. ఎలుకల మందు, బొద్దింకల మందు, నాఫ్తలీన్ ఉండలు ఇంట్లోంచి పూర్తిగా తీసేయండి. ‘పైన పెట్టాను’ అంటే కుదరదు, ఉండలు దొర్లుతాయి.

ఆరు: ఒంటరిగా ఉండటం నేర్పడం

నేను చేసిన పెద్ద తప్పు ఇక్కడే. కుక్క వచ్చిందని పది రోజులు సెలవు పెట్టాను. మంచం కింద నుంచి బయటికి వచ్చాక మిగిలిన రోజులన్నీ వంటగదికి వెళితే వంటగదికి, స్నానానికి వెళితే స్నానాలగది తలుపు దగ్గరికి, దాన్ని వెంటే తిప్పుకున్నాను. పదకొండో రోజు ఆఫీసుకు వెళ్లాను. సాయంత్రం వచ్చేసరికి తలుపు లోపలి వైపు అడుగున జానెడు మేర పెయింటు లేదు. దాని ముందుకాళ్ల గోళ్లలో చెక్కపేళ్లు. ఎదురు ఫ్లాటు ఆవిడ ‘పాపం, మధ్యాహ్నందాకా ఏడ్చిందండీ’ అన్నారు. మొరిగింది అనలేదు, ఏడ్చింది అన్నారు.

అందుకని సెలవు నాలుగు రోజులు చాలు. మొదటి రోజు నుంచే వదిలి వెళ్లడం మొదలుపెట్టండి. ఎలాగంటే, చెప్పులు వేసుకోండి, బయటికి వెళ్లి తలుపు వేయండి, అర నిమిషంలో లోపలికి రండి. రాగానే హడావుడి చేయకండి, ‘నా బంగారం, భయపడ్డావా’ అని ఎత్తుకోకండి. ఏమీ జరగనట్టు వెళ్లి నీళ్లు తాగండి. తరువాత ఒక నిమిషం, మూడు, ఐదు, పది. అది ఏడవడం మొదలుపెట్టక ముందే తిరిగి రావాలి, అదే కీలకం. ఏడుస్తుంటే వెనక్కి తగ్గి మునుపటి నిమిషాలకు రండి. అరగంట దాటిందంటే ఆ తరువాత పని సులువు, మొదట్లోనే ఎక్కువ కంగారు పడతాయి.

తాళంచెవుల చప్పుడు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. తాళాల గుత్తి గలగలమంటే మీరు వెళ్లిపోతున్నారని కుక్క రెండు రోజుల్లో పట్టేస్తుంది. కాబట్టి వెళ్లని వేళల్లో కూడా గుత్తి తీసి గలగలలాడించి, సోఫాలో కూర్చుని పేపరు చదువుకోండి. రోజుకు పదిసార్లు. వారం తిరిగేసరికి జంతిక ఆ చప్పుడుకు చెవి కూడా కదపడం మానేసింది.

నిజంగా వెళ్లే ముందు అరగంటసేపు నడిపించి, మూత్రానికి పోనిచ్చి, వెళ్లేటప్పుడు నమిలేది ఏదైనా ఇవ్వండి. లోపల పెరుగు పూసి ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన రబ్బరు బొమ్మ నాకు బాగా పనిచేసింది. పాత ఫోను ఒకటి గదిలో పెట్టి మొదటి వారం రికార్డు చేయండి. మీరు లేనప్పుడు ఏం జరుగుతోందో ఊహించుకోవడంకంటే చూడటం మేలు. నెల గడిచినా గోళ్లు అరిగేలా తలుపు గీరుతుంటే, చొంగ కారుస్తూ తిండి ముట్టకపోతే డాక్టరుకు చూపించండి. తిడితే తగ్గేది కాదు, అది భయం.

ఏడు: తిండి

పెరుగన్నం పెట్టి పెంచామని గొప్పగా చెప్పే ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. పెరుగన్నం విషమేమీ కాదు, కానీ అదొక్కటే పెడితే మాంసకృత్తులు చాలవు, వెంట్రుక ఊడుతుంది. పొడి ఆహారం పెట్టేటట్లయితే ఎనిమిది కిలోల కుక్కకు రోజుకు 120 గ్రాముల చుట్టుపక్కల సరిపోతుంది, రెండు పూటలకు పంచండి. సంచి మీద ఉన్న పట్టిక చూసి, చెంచాతో కాకుండా వంటింటి తూకంతో కొలవండి. ఒంటరిగా ఉండేవారి కుక్కలు లావెక్కడానికి కారణం ఒకటే, మన కంచంలోంచి ‘ఒక్క ముద్ద’. ఇంట్లోనే వండాలనుకుంటే అన్నంలో ఉప్పుకారాలు లేని ఉడికించిన కోడిమాంసం, గుడ్డు, క్యారెట్, గుమ్మడి కలపండి. దాని పాళ్లు మాత్రం డాక్టరుతో మాట్లాడి ఖాయం చేసుకోండి. తిండి ఏది మార్చినా వారం రోజులు కొద్దికొద్దిగా కలుపుతూ మార్చాలి, లేకపోతే విరేచనాలు ఖాయం.

మన వంటగదిలో అసలు ముప్పు ఉల్లి, వెల్లుల్లి. పచ్చివైనా, వేయించినా, పులుసులో కరిగిపోయినా కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి. కూర తీసి పులుసు మాత్రమే అన్నంలో కలిపామంటే ప్రమాదం తప్పినట్టు కాదు. ఎండుద్రాక్ష మూత్రపిండాలకు దెబ్బ, పరమాన్నంలోవి నాలుగు తిన్నా డాక్టరుకు ఫోను చేయండి. చాక్లెట్, జైలిటాల్ అనే తీపి పదార్థం కలిపిన చక్కెర లేని చూయింగ్‌గమ్ కూడా ప్రమాదమే. ఉడికిన కోడి ఎముకలు ముక్కలై పేగులను చీలుస్తాయి. మనం వేసుకునే జ్వరం మాత్ర, నొప్పుల మాత్ర దానికి వేయనే వేయకూడదు.

ఎనిమిది: డాక్టరు, టీకాలు, పిడుదులు

తెచ్చిన వారంలోపు ఒకసారి చూపించండి. టీకాల పుస్తకం లేకుండా వచ్చిన పెద్ద కుక్కకు మొదటి నుంచి వేయిస్తారు. పిల్లలకు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటిది, తరువాత మూడు నాలుగు వారాలకొకటి, మూడు నెలలు నిండాక రేబిస్. ఆపైన ఏటా రేబిస్. జూలై 6న, అంటే 1885లో లూయీ పాశ్చర్ తొలిసారి ఒక పిల్లవాడికి రేబిస్ టీకా వేసిన తేదీన, మన రెండు రాష్ట్రాల ప్రభుత్వ పశువుల ఆసుపత్రుల్లో పెంపుడు కుక్కలకు ఉచితంగా ఈ టీకా వేస్తారు. ఉదయాన్నే వెళితే తొందరగా అయిపోతుంది. పెద్ద జబ్బులకు రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల ఆసుపత్రులు ఉన్నాయి. ప్రైవేటు ఖర్చు భరించలేనివారికి అవి పెద్ద అండ.

నట్టల మందు మూడు నెలలకోసారి. ఆడకుక్కకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించండి. చేయించకపోతే పెద్ద వయసులో గర్భసంచి చీముపట్టే ప్రమాదం ఉంటుంది, పైగా ఎదకు వచ్చిన రోజుల్లో వీధిలోని మగకుక్కలన్నీ మీ గేటు దగ్గరే.

పిడుదుల గురించి నిర్లక్ష్యం వద్దు. కొన్నిచోట్ల గోమార్లు అంటారు. చెవుల లోపల, వేళ్ల సందుల్లో, తోక మొదట్లో వేళ్లతో తడిమి చూడండి, మినపగింజంత గట్టిగా తగులుతాయి. అవి కుడితే వచ్చే జ్వరంలో కుక్కకూ ప్లేట్‌లెట్లు పడిపోతాయి. తిండి మానేసి, చిగుళ్లు పాలిపోయి, ముక్కు నుంచి రక్తం కారిందంటే ఆలస్యమైనట్టే. చిగుళ్ల రంగు మామూలు రోజుల్లోనే ఒకసారి చూసి గుర్తుపెట్టుకోండి. వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలోపు గులాబి రంగు తిరిగి రావాలి. కుక్క ఒంటి వేడి మామూలుగానే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది, మన లెక్కతో చూసి జ్వరమనుకుని బెంబేలెత్తకండి.

మీ కుక్కే అయినా, ఆటలో అయినా, పన్ను దిగి రక్తం వస్తే సబ్బుతో, కుళాయి ధార కింద పదిహేను నిమిషాలు కడిగి, డాక్టరు దగ్గరికి వెళ్లండి. పసుపు, కారం అద్దడం వంటివి వద్దు.

ఖర్చు సంగతి: తిండి, పిడుదుల మందు, టీకాలు, ఏడాదికి ఒకటి రెండు జబ్బులు, అన్నీ కలిపి నెలలకు పంచితే నాకు సుమారు మూడున్నర వేలవుతోంది. ఇది కాక ఇరవై వేలు ముట్టుకోకుండా విడిగా ఉంచాను. అర్ధరాత్రి ఆసుపత్రికి వెళ్లవలసి వస్తే డబ్బు సర్దడానికి కూడా ఇంట్లో మరొకరు ఉండరు కదా.

తొమ్మిది: ఎండ, టపాసులు, పండగ ప్రయాణం

ఎండాకాలంలో ఏడింటికి ముందే నడక ముగించండి. సాయంత్రం రోడ్డు మీద అరచేతి వెనుక భాగం ఆనించి ఏడు అంకెలు లెక్కపెట్టండి. మీ చెయ్యి ఓర్చుకోలేకపోతే దాని పాదాలూ ఓర్చుకోలేవు.

దీపావళికి రెండు రోజుల ముందే కిటికీలు మూసి, ఫ్యాను పెద్దగా తిప్పి, లోపలి గదిలో దానికో చోటు చూపించండి. నాలుగింటికల్లా బయట తిప్పి తెచ్చేయండి. తప్పిపోయే కుక్కల్లో ఎన్నో ఆ రాత్రి బెదిరి పరుగెత్తినవే.

సంక్రాంతికి ఊరు వెళ్లడం పెద్ద పరీక్ష. రైల్లో స్లీపర్‌కు గాని, ఏసీ రెండు, మూడు టైర్లకు గాని కుక్కను ఎక్కించనివ్వరు. ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం మీ పేరున తీసుకుంటే వెంట ఉండనిస్తారు, లేదంటే గార్డు పెట్టెలోని బోనులో వేయాలి. చిన్న కుక్కను ఆ బోనులో వేయడానికి నాకు మనసొప్పలేదు. కారు మాట్లాడుకోవడమో, ఇక్కడే ఉంచి వెళ్లడమో చేస్తాను. కుక్కల వసతి గృహంలో ఉంచేటట్లయితే పండగకు నెల ముందు ఒక రాత్రి ఉంచి చూడండి. తీసుకురావడానికి వెళ్లినప్పుడు అది లోపలికి వెనక్కి లాగుతోందా, బయటికి లాగుతోందా చూస్తే మిగతా సంగతి అదే చెబుతుంది.

పది: ఫ్రిజ్ మీద కాగితం

చివరగా ఒక కాగితం రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి. మీరు ఇంటికి రాలేకపోయిన రోజు, తాళంచెవితో లోపలికి వచ్చినవారు ఎవరినీ ఏమీ అడగకుండా పని చేయగలిగేలా ఉండాలి. అక్షరాలు పెద్దవిగా రాయండి, చదివేవారి దగ్గర కళ్లద్దాలు ఉండకపోవచ్చు. అందులో డాక్టరు ఫోను నంబరు, రాత్రిపూట తెరిచి ఉండే ఆసుపత్రి చిరునామా, టీకాల పుస్తకం ఏ సొరుగులో ఉందో, ఖర్చుకు ఉంచిన డబ్బు ఎక్కడ ఉందో. మీకు ఏదైనా అయితే కుక్కను తన దగ్గర ఉంచుకోవడానికి ఒప్పుకున్నవారి పేరు, వారిని ముందే అడిగి. మా ఫ్రిజ్ మీద కాగితం ఇలా ఉంటుంది:

‘పేరు జంతిక. కరవదు. ఉదయం, సాయంత్రం ఎర్ర డబ్బాలోంచి ఒక్కో చిన్న గ్లాసుడు. నీళ్లు ఎప్పుడూ ఉండాలి. మెట్లు దిగేటప్పుడు ఎత్తుకోవాలి. తుమ్మితే జలుబు కాదు, మీరు వచ్చారన్న సంతోషం. మంచం కింద దూరితే లాగవద్దు, పక్కన కూర్చుని పేపరు తిప్పండి, వస్తుంది. మాస్టారూ, తలుపు పిడి కాస్త పైకెత్తి తిప్పాలి.’